బజారు కింది నీళ్ళు

వర్తక సంఘం ఆఫీసు,
బజారు వీధి.
సోమవారం

చెల్లెమ్మకు,

ఆశీస్సులు. నువ్వు క్షేమమని తలుస్తాను. ఫోను చేద్దామనుకున్నాను గానీ, పట్నంలో మీ ఆసుపత్రి హాస్టల్లో ఫోను వరండాలో ఉంటుంది. నువ్వేం మాట్లాడినా పదిమంది చెవిన పడుతుంది. ఇది పదిమంది చెవిన పడాల్సిన సంగతి కాదు.

నన్ను సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారని తెలిసి, "అన్నయ్యకు కుర్చీ దొరికింది, ఇక భోజనానికి ఇంటికి రావడం మానేస్తాడు చూడు" అని వదినకు రాసి వెక్కిరించావు. నీ నోటి చలవ, అలాగే అయింది. ఈ వారం నేను ఇంట్లో సరిగ్గా కూర్చుని తిన్నది లేదు.

మన సంఘం సంగతి నీకు తెలియనిది కాదు. మేడమీద ఒక హాలు, కింద ఒక నోటీసు బోర్డు. అంతే. అయినా బజారు నిలబడింది దాని మీదే. టైలరమ్మ కొట్టు పైకప్పు కూలినప్పుడు ఆవిడ మిషన్లు తెచ్చి ఈ హాల్లోనే వేశాం. చిన్న కొట్లవాళ్ళందరికీ ఒకే లారీలో సరుకు తెప్పిస్తున్నాం. వీధి దీపాల కోసం మునిసిపాలిటీ గుమ్మం అరిగేలా తిరిగాం. బయట ఊళ్ళవాళ్ళు ఇక్కడికొచ్చి కొంటున్నారంటే, ఈ బజారులో మోసం ఉండదని పేరు. ఆ పేరు ఇప్పుడు పోయేలా ఉంది.

మొన్న శనివారం బడిలో ఆటల పోటీలు. ఫలహారాలు మన సంఘమే పంపింది. బన్నులు మీ ఆయన బేకరీవి. (మీ ఆయన అనొద్దంటే సరే, బావ అంటాను. నాకు బావే కదా.) ఆదివారం పొద్దుటికల్లా పిల్లలకు వాంతులు, విరేచనాలు. మన ఊరి ఆసుపత్రి వరండాలో చాపలు పరిచి పడుకోబెట్టారు. మధ్యాహ్నానికి హెల్త్ ఇన్‌స్పెక్టరు వచ్చి బావ కొట్టుకు సీలు వేసి వెళ్ళాడు. పరీక్ష ఫలితం రాలేదు. ఈలోగా ఊరే తీర్పు చెప్పేసింది.

సాయంత్రం మీటింగు పెట్టాం. బట్టల కొట్టు పెద్దాయన లేచి, "ఆ బేకరీని సంఘంలోంచి తీసేసి బోర్డు మీద నోటీసు పెట్టండి. ఒక్కడి వల్ల అందరం మునగాలా?" అన్నాడు. చాలామంది తలలూపారు. ఇంకెవరో వెనకనుంచి, "కట్టుకున్నదే వదిలేసి పోయింది. ఆ పిండిలో ఏం కలుపుతాడో చూసే పోయుంటుంది" అన్నారు. అందరూ నా వంక చూశారు.

నేను ఏమీ అనలేకపోయాను. నాకు తెలిస్తే కదా. నువ్వెందుకు వచ్చేశావో నేను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగాల్సి వస్తోంది. ఆ కొట్టులో నువ్వెప్పుడైనా చూడకూడనిది చూశావా? ఉంటే ఉందని, లేకపోతే లేదని ఒక్క ముక్క రాయి.

మీ అన్నయ్య

*

ఆసుపత్రి వంటశాల,
బుధవారం

అన్నయ్యకు,

నమస్కారాలు. నీ ఉత్తరం చదివి, మడిచి పెట్టి, అన్నం వార్చి, మళ్ళీ తీసి చదివాను.

నేను ఆ ఇల్లు వదిలి వచ్చాక నువ్వు ఆయన ఊసెత్తలేదు. నా మనసు నొప్పించకూడదనే అనుకున్నాను. తీరా ఎత్తింది ఇప్పుడు. అదీ ఆయన చేతులు శుభ్రమేనా అని అడగడానికి!

విను. ఆయన శుభ్రత ఒక జబ్బు. పిండి కలిపే బల్ల నేను తుడిస్తే, నేనటు తిరగ్గానే మళ్ళీ తుడిచేవాడు. గోళ్ళు చూపించందే పనివాళ్ళను గడప దాటనిచ్చేవాడు కాదు. నా తలవెంట్రుక ఒకటి రొట్టెకు అంటుకుందని ఒకసారి ఆ వాయి మొత్తం గేదెలకు వేశాడు. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. మాట్లాడిన పూటలు ఏవో అడిగితే అవి చెప్పడం తేలిక.

నేను వచ్చేసింది కొట్టులో మురికి చూసి కాదు. ఆయనకు పొయ్యి దగ్గర ఉన్న శ్రద్ధలో కాస్తయినా మనిషి దగ్గర లేదని. రోజులకు రోజులు మాటా పలుకూ లేక, ఆ ఇంట్లో నా గొంతు నాకే పరాయిదిలా వినబడేది. అంతే. దాన్ని పట్టుకుని పిండిలో ఏదో కలిపాడని అనేవాళ్ళ నోళ్ళు పడిపోను.

ఈ మాట నువ్వు హాల్లో చెప్పుకో. నేను మాత్రం రాను. వచ్చి నిలబడి, మొగుణ్ణి ఎందుకు వదిలానో బజారు మొత్తానికి సంజాయిషీ ఇచ్చుకోవాలా?

పిల్లలెలా ఉన్నారో రాయలేదు. బన్ను కాక ఇంకేం పెట్టారో కూడా రాయలేదు. రాయి.

నీ చెల్లెలు

*

వర్తక సంఘం ఆఫీసు,
శనివారం

చెల్లెమ్మకు,

నీ ఉత్తరం చూసి గుండె కొంత తేలికపడింది. బావ శుభ్రత గురించి నువ్వు రాసిందంతా నిన్న హాల్లో చెప్పాను. మిగతాది చెప్పలేదు, అది నీ సొంతం. విన్నవాళ్ళు విన్నారు. బట్టల కొట్టు పెద్దాయన మాత్రం, "అధ్యక్షులవారికి బంధుప్రీతి ఉండదా ఏమిటి?" అని నవ్వాడు.

టైలరమ్మ ఊరుకోలేదు. "నా కప్పు కూలినప్పుడు, అది ఎవరి తప్పో తేల్చి ఆ తర్వాతే సాయం చేద్దామని ఎవరైనా అన్నారా? అప్పుడు లేని తీర్పులు ఇప్పుడెందుకు?" అని గట్టిగా అడిగింది. "నీ కప్పు కూలితే పిల్లలకు వాంతులు కాలేదమ్మా" అన్నాడు పెద్దాయన.

మొన్న ఎవరో బావ కొట్టు షట్టరు మీద రాళ్ళు విసిరారు. సొట్టలు పడ్డాయి. పొద్దున్నే బావ వచ్చి, షట్టరు వంక ఒకసారి చూసి, చీపురు తీసుకుని ఆ రాళ్ళు పక్కకు ఊడ్చి, మళ్ళీ ఇంటికెళ్ళిపోయాడు. ఎవరినీ పన్నెత్తి ఏమీ అనలేదు. అదే జనానికి ఇంకా మండుతోంది. "తప్పు లేనివాడైతే నోరు విప్పడా?" అంటున్నారు.

పిల్లలు చాలామంది కోలుకున్నారు. మందుల షాపాయన కూతురికే బాగాలేదు. ఒంట్లో నీళ్ళన్నీ పోయి, మూత్రం ఆగిపోయిందట. పట్నంలో ఏదో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆయన షాపు మూసే ఉంది. సంఘం తరఫున షాపు నడుపుతామన్నాం, తాళాలు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఓటు వచ్చే శుక్రవారానికి వాయిదా వేశాను. అంతకంటే ఆపలేను. బస్సుల్లో వచ్చి కొనేవాళ్ళు ఆగిపోయారు. పళ్ళబండ్లవాళ్ళు కూడా బోణీ లేక కూర్చుంటున్నారు. ఇది చాలదన్నట్టు మా ఫ్యాక్టరీలో మిషను రిపేరు, అదొక తలనొప్పి.

పిల్లలు ఆటల్లో ఏవేవో తింటారు, ఏవేవో తాగుతారు, ఎవరు లెక్కపెడతారు? నువ్వు ఒంట్లో జాగ్రత్త.

మీ అన్నయ్య

*

ఆసుపత్రి వంటశాల,
సోమవారం

అన్నయ్యకు,

ఈ వంటశాలలో చేరిన కొత్తలో మా డైటీషియనమ్మ నాకు ఒక పద్ధతి నేర్పింది. ఒకేసారి చాలామందికి కడుపు చెడితే, తిన్నదాని కంటే ముందు తాగినదాన్ని అనుమానించమంది. నువ్వు "ఏవేవో తాగుతారు" అని రాసి దాటేశావు. పంపింది మీ సంఘం. ఏవేవో కాదు కదా అవి?

బన్ను నిప్పుల్లోంచి వస్తుంది. ఆయన ఆటల పోటీలకు పంపే బన్నులో క్రీము ఉండదు, జాము ఉండదు. పిండి, చక్కెర, కాస్త వెన్న. అది పిల్లల్ని ఇంతగా పడేస్తుందంటే నాకు నమ్మకం కుదరడం లేదు. ఆయన మీద అభిమానంతో అనడం లేదు. ఆయన మీద నాకున్నదేమిటో నీకు తెలుసు.

ఎండలో ఆడిన పిల్లలు. నిమ్మరసమో షర్బత్తో ఇచ్చే ఉంటారు. ఎవరు కలిపారు? నీళ్ళు ఎక్కడివి? ఇన్‌స్పెక్టరు వాటిని పట్టుకెళ్ళాడా?

అన్నట్టు, మీ మిషను ఏ రోజు నుంచి రిపేరు?

నీ చెల్లెలు

*

వర్తక సంఘం ఆఫీసు,
బుధవారం

చెల్లెలికి,

నువ్వు ఇన్‌స్పెక్టరువైనట్టు ప్రశ్న మీద ప్రశ్న రాస్తే నేను జవాబులు రాస్తూ కూర్చోవడానికి ఇక్కడ నాకు వేరే పని లేదనుకున్నావా? ఒక బజారు మొత్తం నా నెత్తిన ఉంది. పొద్దున లేస్తే ఒకడు "ఏం తేల్చారు?" అని, ఇంకొకడు "ఎప్పుడు తేలుస్తారు?" అని. మా ఇంట్లో మీ వదిన కూడా నా మొహం వంక అదోలా చూస్తోంది.

అక్కడ నువ్వు గంజి కాస్తూ కూర్చుని ఇక్కడి సంగతులు తేల్చేయగలవా? నీళ్ళు మునిసిపాలిటీవి. ఊరంతా తాగేవే. ఊరంతా పడిపోలేదు కదా?

శుక్రవారం ఓటు. పెద్దాయన వైపే ఎక్కువమంది ఉన్నారు. తీసేయాలని తేలితే కాగితం మీద సంతకం పెట్టాల్సింది నేనే. బావకు మళ్ళీ ఇంకోచోట ఏదో ఒకటి చూద్దాం. బజారు బతికితే తర్వాత అన్నీ చూసుకోవచ్చు.

ఈ విషయం నువ్వు ఇంకెవరికీ రాయొద్దు. వదినకు కూడా.

అన్నయ్య

*

ఆసుపత్రి వంటశాల,
గురువారం పొద్దున

అన్నయ్యా,

షర్బత్తులో వేసిన ఐసు ఎవరిది?

*

ఆసుపత్రి వంటశాల,
గురువారం మధ్యాహ్నం

అన్నయ్యా,

పొద్దున ఆ ఒక్క ముక్క రాసి పోస్టు చేశాక చేతులు ఆడలేదు. మీ ఊరికొచ్చే బస్సు డ్రైవరు ఇప్పుడు మా గేటు దగ్గర టీ తాగుతున్నాడు. ఇది అతని చేతికే ఇస్తున్నాను. సాయంత్రానికల్లా నీ ఒళ్ళో వేస్తానన్నాడు.

నేనూ నీకొకటి చెప్పలేదు. మందుల షాపాయన కూతుర్ని తీసుకొచ్చింది ఈ ఆసుపత్రికే. వచ్చిన రోజునుంచీ దానికి గంజి నేనే తీసుకెళ్తున్నాను. మొదట గుర్తుపట్టలేదు, మొహమంతా ఉబ్బింది. దాని తల్లి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మీరు బేకరీ ఆయన భార్య కదా, ఆ బన్నులో ఏముందో మీకు తెలుసా?" అని అడిగింది. అరుపులూ లేవు, తిట్లూ లేవు. అడిగిందంతే. నీ ఉత్తరం చదివినప్పుడు వచ్చిన కోపం ఆవిడ మీద రాలేదు.

నిన్న ఆ పిల్లకు కొంచెం తెలివొచ్చింది. గంజి తాగించబోతే మొహం తిప్పుకుంది. బన్ను నానబెట్టి పెట్టమంటావా అని మాటవరసకు అన్నాను. "నాకు బన్ను ఇష్టముండదు ఆంటీ. ఆ రోజు కూడా మా ఫ్రెండుకి ఇచ్చేశాను" అంది. మరేం తిన్నావే అంటే, "ఏం తినలేదు. షర్బత్తు డ్రమ్ములో ఐసు ముక్కలు తీసుకుని చప్పరించాను. చాలా తిన్నాను. సార్ వద్దన్నా వినలేదు" అంది. తప్పు చేసినదానిలా నా వంక చూసింది.

అన్నిటికంటే ఎక్కువ పడిపోయిన పిల్ల బన్ను ముట్టలేదు, అన్నయ్యా.

వెంటనే డాక్టరుకు చెప్పాను. ఆయన ఏవో రాసుకుని, మందు మార్చాడు. ఐసు ఏ ఫ్యాక్టరీదని అడిగాడు. మా ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీ ఒక్కటేనండీ అనబోయి, తెలియదండీ అన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను డాక్టరుకు అబద్ధం చెప్పింది అదొక్కసారే.

నీ మిషను రిపేరన్నావు. అది అబద్ధమైతే, నీకు తెలిసే ఆపావన్నమాట. నిజమైతే, బాగయ్యాక ఆ నీళ్ళతోనే మళ్ళీ దిమ్మలు తీస్తావన్నమాట. రెండింట్లో ఏది కావాలని దండం పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

రేపు శుక్రవారం. మధ్యాహ్నం బస్సుకు నేను బయల్దేరి వస్తాను. ఆయన కోసం కాదు. నువ్వు చెప్పకముందే నేను ఆ హాల్లో నిలబడి చెప్పాల్సి వస్తే, ఆ తర్వాత మనిద్దరి మధ్య రాసుకోవడానికి ఏమీ ఉండదు.

*

ఐసు ఫ్యాక్టరీ,
గురువారం సాయంత్రం

చెల్లీ,

డ్రైవరు ఉత్తరం ఇచ్చి, జవాబుందా అని నిలబడ్డాడు. అరగంట ఆగమన్నాను. మీ ఆసుపత్రి మీదుగానే పొద్దున మళ్ళీ వెళ్తాడట.

మిషను బాగానే ఉంది. ఆదివారం పొద్దున పిల్లల సంగతి తెలియగానే ఇక్కడికి పరిగెత్తాను. తొట్టి మూత తీసి చూశాను. నీళ్ళు పసరుగా ఉన్నాయి. వాసన వచ్చింది. కొద్దిగానే, కానీ మురుగు వాసన. మిషను ఆపి, ఉన్న దిమ్మలన్నీ కాలవలో పారేసి, "రిపేరు" అని బోర్డు పెట్టాను. ఇంకొక్కరికి కూడా ఆ ఐసు పోలేదు. ఇది మాత్రం నమ్ము.

ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్దామని చొక్కా వేసుకున్నాను. దారిలోనే బావ కొట్టుకు సీలు వేస్తున్నారు. నేను అక్కడే నిలబడి చూశాను. ఒక కొట్టుకు సీలు పడింది కదా, ఊరి కోపం తీరింది కదా, ఇక నాది కూడా ఎందుకు అనిపించింది. ఇంత నీచమైన ఆలోచన నాకు ఎంత తేలిగ్గా వచ్చిందో చెబితే నువ్వు నమ్మవు. బావ వంక చూస్తే బావ కూడా నన్ను చూశాడు. ఆయనకు తెలుసనే నా అనుమానం. ఆ షర్బత్తు డ్రమ్ములు వెళ్ళింది ఆయన బన్నుల బండిలోనే. ఐసు దింపినప్పుడు పక్కనే ఉన్నాడు.

తెలిసీ ఒక్క మాట అనలేదు. ఆ మనిషితో నువ్వెలా వేగావో గానీ, ఈసారి మాత్రం ఆయన ఊరుకోవడం నన్ను రోజూ కోసేసింది.

బస్సెక్కొద్దు. నీకు చేతులెత్తి మొక్కుతాను, రావద్దు. నువ్వొచ్చి గుమ్మంలో నిలబడితే, నీకు భయపడి చెప్పానో, నాకై నేను చెప్పానో నాకే తెలియకుండా పోతుంది. మీ డాక్టరుకు ఇప్పుడే చెప్పెయ్యి, ఐసు మా అన్నయ్యదే అని.

ఆ పిల్ల దగ్గరే ఉండు.

*

ఐసు ఫ్యాక్టరీ,
ఆదివారం

చెల్లీ,

నువ్వు రాలేదు. వస్తావేమోనని హాలు తలుపు వంకే చూశాను. నా మాట నమ్మి ఆగినందుకు ఏమనాలో తెలియడం లేదు.

శుక్రవారం పొద్దునే ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళి, తొట్టిలో నీళ్ళు పట్టించి, సీలు వేయించుకున్నాను. మీ వదినకు ముందే చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. "ఇన్నాళ్ళూ ఎవరో పరాయివాడితో ఉన్నట్టుంది" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది.

సాయంత్రం హాలు నిండిపోయింది. బావ చివర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మందుల షాపాయన కూడా వచ్చాడు, కూతుర్ని భార్యకు వదిలేసి ఓటు కోసమే వచ్చాడట. ఆయన్ని చూడగానే నేను అనుకున్న మాటలన్నీ పోయాయి. ముందుగా చెప్పాలనుకున్న ఉపోద్ఘాతం ఒకటుండేది, సంఘం సేవ, బజారు పరువు అని. అది రాలేదు. "ఆ షర్బత్తులో ఐసు నాది. నీళ్ళు చెడ్డవి. నాకు ఆదివారమే తెలుసు" అని వచ్చింది.

మందుల షాపాయన లేచి నా దాకా వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. "ఆదివారం చెప్పి ఉంటే డాక్టర్లు ఆదివారమే చూసుకునేవాళ్ళు కదా" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ మాట అని, తలుపు తీసుకుని ఆసుపత్రికి ఫోను చేయడానికి కిందికి వెళ్ళిపోయాడు. నాకు ఇంకా ఆ తలుపు చప్పుడే వినబడుతోంది.

అప్పుడు మొదలైంది గోల. బట్టల కొట్టు పెద్దాయన బల్ల చరిచి, "అయితే తీసేయాల్సింది ఈయన్ని! కాగితంలో పేరు మార్చండి, చాలు" అన్నాడు. చాలామంది అవునవును అన్నారు. నేను పెన్ను తీశాను. నా పేరు నేనే రాసుకోవాలి కదా.

గోడ దగ్గర్నుంచి బావ మాట్లాడాడు. మొదట ఎవరిదా గొంతు అని అందరూ వెనక్కి తిరిగారు. ఆయన గొంతు విన్నవాళ్ళు ఎంతమంది ఉంటారు గనక!

"నా షట్టరు మీద రాళ్ళు పడుతుంటే ఈయన మేడమీద కూర్చుని ఊరుకున్నాడు. నేనది మర్చిపోను. అది నాకూ ఆయనకూ మధ్య సంగతి. కానీ ఆ నీళ్ళు ఈయన తయారుచేసినవి కావు. ఈయన తొట్టికి నీళ్ళొచ్చే పైపు మా కొట్టు కిందనుంచే పోతుంది. తర్వాత హోటలు కిందకి, ఆ తర్వాత పెద్దాయనా, మీ ఇంటి కిందకి. మురుగు ఎక్కడ కలుస్తోందో ఎవరికైనా తెలుసా? నన్ను తీసేస్తే నీళ్ళు బాగుపడవు, ఈయన్ని తీసేసినా బాగుపడవు. రేపు ఎవరి వంతు?"

అంతసేపు మాట్లాడి అలసిపోయినట్టు మళ్ళీ గోడకానుకున్నాడు.

టైలరమ్మ లేచి కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "ముందు తవ్వుదాం. తిట్టుకోవడం తర్వాత." రేపటినుంచి ప్రతి కొట్టూ తన కుళాయి నీళ్ళు పరీక్షకివ్వాలని, ఫలితం వచ్చేదాకా తిండీ పానీయమూ అమ్మేవాళ్ళంతా మూసెయ్యాలని, బట్టల కొట్లూ సామాన్ల కొట్లూ వాళ్ళ పనివాళ్ళను పోషించాలని ఆవిడే ఓటుకు పెట్టింది. పెద్దాయన చెయ్యి అన్నిటికంటే ఆఖర్న లేచింది. లేచింది, అది చాలు.

నేను కుర్చీ దిగిపోయాను. ఎవరూ ఉండమనలేదు. అనకపోవడమే నయమనిపించింది. టైలరమ్మ ఇప్పుడు అధ్యక్షురాలు. మా ఐసు పనివాళ్ళను నలుగురూ తలో కొట్టులో పెట్టుకున్నారు. బావ ఇద్దరికి పని ఇస్తానన్నాడు, కొట్టు తెరిచాక. నాతో మాత్రం మాట్లాడలేదు. అన్నేళ్ళూ నువ్వేం భరించావో నాకిప్పుడు కాస్త తెలుస్తోంది.

పిల్ల ఎలా ఉంది? అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

*

ఆసుపత్రి వంటశాల,
బుధవారం

అన్నయ్యా,

నిన్న ఆ పిల్లకు మూత్రం ధారాళంగా వచ్చింది. దాని తల్లి వార్డంతా పరిగెత్తి నర్సులందరికీ చెప్పింది. ఇంత సంతోషంగా ఈ కబురు చెప్పేవాళ్ళను నేనెప్పుడూ చూడలేదు. డాక్టరు గండం గడిచినట్టే అన్నాడు. ఇంకా కొన్ని వారాలు ఇక్కడే ఉండాలట. నీరసం అంత త్వరగా పోదు.

నీ ఉత్తరం అందగానే ఐసు నీదేనని డాక్టరుకు చెప్పేశాను. నీకు ఇంకొక్క మాట రాయాలి. నువ్వు హాల్లో చెప్పావని మందుల షాపాయన ఆ తల్లికి ఫోనులో చెప్పాడు. ఆవిడ నా దగ్గరికొచ్చి, "మీ అన్నయ్యేనట కదా" అంది. అవునన్నాను. గంజి గిన్నె నా చేతిలోంచి తీసుకుంది. ఇక నా చేత్తో పెట్టనివ్వదేమో అనుకున్నాను. మర్నాడు తనే వంటశాలకు వచ్చి, "మీరే రండి, నేను పెడితే తాగడం లేదు" అంది. ఆ మాట మీద నిలబడి ఉన్నాను నేను.

నిన్ను క్షమించానని రాయమంటావేమో. రాయలేను. నా చేతుల్లో ఆ పిల్ల ఒళ్ళు ఎంత తేలికైపోయిందో నువ్వు చూడలేదు. కానీ నీ ఉత్తరం కోసం గేటు దగ్గర ఎదురుచూశాను. ఇది మాత్రం అబద్ధం కాదు.

నీ చెల్లెలు

*

ఐసు ఫ్యాక్టరీ,
వానాకాలం మొదలు

చెల్లెమ్మకు,

చాలా వారాలు రాయలేదు. బజారు వీధంతా తవ్వి ఉంది. మునిసిపాలిటీవాళ్ళు ముందు మా పైపులు బ్రహ్మాండమన్నారు. టైలరమ్మ ప్రతి కొట్టు నుంచీ వచ్చిన పరీక్ష కాగితాలు తీసుకెళ్ళి వాళ్ళ బల్ల మీద పరిచి, తవ్వేదాకా బజారు తెరవం అని అక్కడే కూర్చుంది. సంఘమంతా ఆవిడ వెనకే మెట్లమీద కూర్చున్నాం. బట్టల కొట్టు పెద్దాయన ఇంటినుంచి కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. మూడు వీధుల కూడలి దగ్గర దొరికింది. మంచినీళ్ళ పైపు మీదే మురుగు పైపు పగిలి ఉంది. ఎన్నాళ్ళనుంచో, పైపులో నీళ్ళు రాని వేళ మురుగు లోపలికి ఊరుతోందన్నమాట. పోటీలకు ఐసు తీసిన రోజు ఆ మొదటి నీళ్ళు పట్టింది నా తొట్టి.

బన్నుల్లో ఏ దోషమూ లేదని పరీక్ష ఫలితం వచ్చింది, బావ కొట్టు తెరిచాడు. మొదటిరోజు సంఘంవాళ్ళంతా వరసలో నిలబడి రొట్టె కొన్నాం, బస్సు దిగేవాళ్ళు చూడాలని. నా వంతు వచ్చేసరికి, అందరికీ ఇచ్చినట్టే కాగితంలో చుట్టి ఇచ్చాడు. నేనూ అందరిలాగే తీసుకున్నాను.

నా ఫ్యాక్టరీ విషయంలో సంఘం ఒక షరతు పెట్టింది. కొత్త తొట్టి, కొత్త వడపోత వేసి నడుపుకోవచ్చు గానీ, ప్రతి పొద్దునా సంఘం మనిషి ఒకరు వచ్చి నీళ్ళు పరీక్షించి, బోర్డు మీద రాసి వెళ్ళాకే మిషను వేయాలి. నేను చేయకూడదు. ఎవరొస్తారని టైలరమ్మ అడిగితే మందుల షాపాయన చెయ్యెత్తాడు.

అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే వస్తున్నాడు. తొట్టిలో నీళ్ళు సీసాలో పడతాడు, మందు చుక్కలు వేస్తాడు, రంగు తిరిగేదాకా కదలకుండా చూస్తాడు. రాసి వెళ్ళిపోతాడు. నేను పక్కనే నిలబడతాను. కుర్చీ వేస్తే కూర్చోడు. మంచినీళ్ళు ఇవ్వబోయి, ఏం ఇస్తున్నానో గుర్తొచ్చి గ్లాసు దించేశాను ఒకసారి. ఆయన చూశాడు.

ఈ పొద్దున పరీక్ష అయ్యాక వెళ్ళిపోలేదు. గుమ్మంలో నిలబడి బజారు వంక చూస్తూ అన్నాడు.

"రేపు నేను ఉండను. పాపను ఇంటికి పంపిస్తున్నారు. తీసుకురావడానికి వెళ్తున్నాను."

"టైలరమ్మకు చెప్పి ఇంకెవరినైనా పంపించమంటాను" అన్నాను.

ఆయన సంచిలోంచి సీసా, చుక్కల మందు తీసి నా చేతిలో పెట్టాడు. నా వేళ్ళు సరిగ్గా పట్టుకున్నాయో లేదో చూసి మరీ వదిలాడు.

"ఎవరూ అక్కర్లేదు. రేపు నువ్వే చెయ్యి. రంగు సరిగ్గా రాకపోతే మిషను వెయ్యవు, నాకు తెలుసు" అన్నాడు.

చెల్లీ, రేపు నువ్వు ఆ పిల్లను బస్సెక్కించేటప్పుడు ఇక్కడ నేనొక్కణ్ణే తొట్టి ముందు నిలబడి ఉంటాను. ఇప్పటికే నీళ్ళు పట్టి చూశాను. ఒకసారి కాదు, చాలాసార్లు. రంగు సరిగ్గానే వస్తోంది. అయినా సీసా కడిగి మళ్ళీ పడుతున్నాను.

మీ అన్నయ్య